లారీల కాంట మీద నేను

పాశమైలారం రోడ్డు మీద చలికాలపు పొద్దులు పాలు కలిపినట్టుండేవి. అందులో మంచు ఎంతో, ఫ్యాక్టరీల పొగ ఎంతో తెలిసేది కాదు. ఆ తెలుపులో ఎర్రటి అంకెలు మాత్రం తేలుతూ కనిపించేవి. అది లారీలు తూచే ధర్మకాంట. మా నాన్న అక్కడే పనిచేసేవాడు. బడికి పోతూ ఆయనకు అన్నం డబ్బా ఇవ్వడం నా పని. నాకప్పుడు పదిహేనేళ్లు.

నాన్న కూర్చునే రేకుల గదికి చలిగాలి రాకుండా ఒక ఫ్లెక్సీ కట్టి ఉండేది. నా ఓణీల ఫంక్షన్‌కు వేయించిందే. ముఖం నాదే, నడుము మాత్రం నాది కాదు. ఫోటోలు తీసినతను కంప్యూటర్‌లో సన్నగా చేసేశాడు. "ఫోటోల మంచిగ పడ్డది గని, బయట జెర లావున్నది పిల్ల" అని మా పెద్దమ్మ అందరి ముందూ అనేసింది. ఆవిడ నోటికి అడ్డేది, ఆపేది? ఫ్లెక్సీలో పిల్లను చూస్తే నాకు అసూయ పుట్టేది. ఆమెలా అయిపోవాలి, అంతే.

అందుకని తినడం మానేశాను. అమ్మ నాకు కట్టిన అన్నాన్ని దారిలోనే నాన్న డబ్బాలోకి సర్దేదాన్ని. "ఈ నడ్మ మీ అమ్మకు నా మీద ప్రేమెక్కువైంది" అని నాన్న మురిసిపోతూ తినేవాడు. లారీలు లేనప్పుడు నేను కాంటెక్కి నిలబడేదాన్ని. ఎర్రగా యాభై. ఎప్పుడెక్కినా యాభయ్యే. తగ్గలేదనుకుని రాత్రి రొట్టె కూడా వదిలేశాను. ఒళ్లు దూదిలా తేలేది. కాళ్లు నేలకు తగలనట్టు, ఎవరి కలలోనో నడుస్తున్నట్టు ఉండేది. నాకది బాగుండేది కూడా. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

ఒకరోజు కాంట మీద నిలబడి ఉండగానే ఆ అంకెలు రెండయ్యాయి, నాలుగయ్యాయి. తర్వాత ఏమీ గుర్తులేదు.

కళ్లు తెరిచేసరికి నాన్న నన్ను ఎత్తుకుని గదిలోకి తెస్తున్నాడు.

"ఏంది బిడ్డా, గింత తేలికైనవ్?"

"యాడ నాయినా, రోజు సూస్తున్న గద. యాభై కాడనే ఉన్న."

నాన్న ఆ అంకెల వైపు తిరిగి చూశాడు. "గది లారీల కాంట బిడ్డా. పది కిలోల లెక్కన్నే సూపెడ్తది. నాలుగు కిలోలు పోయినా దానికేం తెల్వది."

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఏదైనా తినిపిద్దామని నా బ్యాగులోంచి డబ్బా తీశాడు. ఖాళీ. తన డబ్బా మూత తీశాడు. ఇద్దరికి సరిపడా అన్నం.

"ఇన్నొద్దులు నీ బువ్వ తిన్ననా నేను?"

బయట లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నాన్న లేవలేదు. ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టాడు. నేను నోరు తెరిచాను.