పక్కింటి నూతి నీళ్ళు

నా చిన్నప్పుడు ముదినేపల్లి దగ్గర మా ఊళ్ళో, మా వీధి మొత్తానికి మరుగుదొడ్డి ఉన్న ఇల్లు మాదొక్కటే. తాతయ్య ముచ్చటపడి కట్టించారు. పెరటి మూల గొయ్యి తీయించి, సిమెంటు ఒరలు దింపించి, పైన పలక వేయించారు. చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు దాన్నే చూపించేవారు. మా నుయ్యి వీధి వైపు ఉండేది. పెరటి గోడకి అవతల మాత్రం పక్కింటి అక్క వాళ్ళ నుయ్యి.

ఆ వానాకాలం అక్క వాళ్ళ చంటిదానికి విరేచనాలు పట్టుకున్నాయి. మందు వేస్తే తగ్గడం, మళ్ళీ మొదలవడం. బొద్దుగా ఉండే పిల్ల తల నిలపలేనంత నీరసించిపోయింది. పాలు పడడం లేదని కొందరు, దిష్టి అని కొందరు అన్నారు. మా నాయనమ్మ మాత్రం వెళ్ళి వాళ్ళ నూతిలోకి తొంగి చూసి వచ్చింది. మా వైపు వానలు పడి కాలవలు నిండితే నూతిలో నీళ్ళు చేతికందేంత పైకి వస్తాయి. గోతిలోనూ అంతే.

"ఏవండీ, మన గొయ్యి వాళ్ళ నూతికి మరీ దగ్గరైందేమోనండి," అంది తాతయ్యతో.

"సిమెంటు ఒరలే అవి. చుక్క బయటికి రాదు," అన్నారాయన. ఆయన ఒక మాటంటే ఇంట్లో దాని మీద ఇంకో మాట ఉండేది కాదు.

నాయనమ్మ ముందు పక్కింటికి వెళ్ళి, "కొన్నాళ్ళు మా నూతి నీళ్ళు తెచ్చుకో అమ్మా. కాచి తాగించు," అని చెప్పింది. మర్నాడు తాతయ్య చేలోకి వెళ్ళగానే, బస్తాడు కల్లుప్పు బకెట్లలో కలిపి మా మరుగుదొడ్లో పోసింది. ఆ పైన రోజూ వాళ్ళ నూతి నీళ్ళు చెంబుతో తెచ్చి, మరిగించి, చల్లార్చి, ఒక చుక్క నాలిక్కి రాసుకుని చూసేది. వారం తిరిగాక ఒక మధ్యాహ్నం ఆ నీళ్ళే తాతయ్య కంచం పక్కన పెట్టింది.

ఆయన గుక్క తాగి మొహం చిట్లించారు. "ఇవేం నీళ్ళే, ఇంత ఉప్పగా ఉన్నాయి?"

"పక్కింటి నూతివండి. ఉప్పు మాత్రం మన గోతిలోది, నేనే పోశాను. కాచే ఇచ్చాను, కంగారు పడకండి."

తాతయ్య అన్నం సగంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, తిన్నగా పక్కింటికి వెళ్ళారు. గుమ్మంలో నిలబడి, "తప్పు మాదేనమ్మా. మా గోతి నీళ్ళు మీ నూతిలోకి వస్తున్నాయి," అన్నారు. అక్క బిడ్డను భుజం మార్చుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రమే మరుగుదొడ్డికి తాళం పడింది. వానలు వెనకపట్టాక గొయ్యి ఖాళీ చేయించి పూడ్పించారు. కొత్తది మెరక మీద, నూతులన్నిటికీ దూరంగా, అడుగున కూడా సిమెంటు పోయించి కట్టించారు. అన్నాళ్ళూ తాతయ్య కూడా వీధిలో అందరిలాగే పొలం గట్టుకి వెళ్ళారు. పిల్ల నెమ్మదిగా కోలుకుంది. నడక మాత్రం ఆలస్యంగా వచ్చింది.

నేను వట్లూరులో ఇల్లు కట్టుకుంటున్నప్పుడు మేస్త్రి సెప్టిక్ ట్యాంకుకి చోటు చూపించి, "మీ బోరుకి చాలా దూరమేనండి," అన్నాడు. ఆ వైపు స్థలం అప్పటికి ఖాళీగానే ఉంది. దాని యజమానికి ఫోన్ చేసి, "మీరు బోరు ఎక్కడ వేసుకుంటారండీ?" అని అడిగాకే తవ్వనిచ్చాను.