వంతెన మీద ఆగిన కారు

మేం బర్మాలోని యాంగోన్ నగరంలో, తామ్వే పేటలో ఉంటాం. మామూలు పెట్రోలు దొరక్క మా ఆయన తన పాత కారులో ఇథనాల్ కలిపిన పెట్రోలు పోయిస్తున్న రోజులవి. ఓ మధ్యాహ్నం, నది అవతల లైంగ్‌థార్యార్‌లో అమ్మతో ఉండే చెల్లెలు ఫోన్ చేసి, "అమ్మకి ఊపిరాడ్డం నేదు, బేగి రండి" అని ఏడ్చింది.

వెంటనే బయల్దేరాం. నది వంతెన మధ్యలో కారు ఆగిపోయింది. మా ఆయన బానెట్ ఎత్తి చూస్తే, ఇథనాల్‌కి పెట్రోలు వచ్చే పాత రబ్బరు పైపు ఉబ్బి చీలిపోయి ఉంది. టాక్సీ ఒక్కటీ ఆగలేదు. నేను ఫోన్ చేస్తే చెల్లెలు దాన్ని అమ్మ చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా, కారు ఆగిపోనాది. ఎలాగోలా వచ్చేస్తాం."

"ఎండలో ఉన్నారేటి? అల్లుణ్ణి ఏటీ అనకే..." అంది అమ్మ.

అవే నేను విన్న అమ్మ ఆఖరి మాటలు.

చివరికి ఓ పికప్ వ్యాన్ ఆగి మమ్మల్ని ఎక్కించుకుంది. చేరేసరికి అమ్మ పోయింది. మా ఆయన గుమ్మంలోనే కూలబడి, "ఆ పెట్రోలు పోయించిన ఈ చేతుల్తో అత్తమ్మ కాళ్లెలా ముట్టుకోను?" అని వెక్కివెక్కి ఏడ్చారు.

కారు బాగయింది. అయినా ఆ వంతెన దాటాలంటే ఆయన బస్సులోనే వెళ్దామంటారు. అమ్మను కడసారి చూడలేకపోయిన బాధ నా ఒక్కదానిదే అనుకునేదాన్ని. అది నాకంటే ఆయన్నే ఎక్కువ తినేస్తోంది.