పల్సార్ పక్కన ఉండే చుక్క

వెంకటకృష్ణారావుగారు జీవితమంతా జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసి, మొన్న వేసవిలో కొట్టు కొడుకు గిరీష్ చేతిలో పెట్టారు. ఆ రోజునుంచీ పడక్కుర్చీ వదల్లేదు. లేచే పనల్లా భార్య జ్ఞానప్రసూనాంబకి పడింది. కాఫీకి ఆవిడే, కళ్లజోడుకి ఆవిడే, ఫ్యాను తగ్గించడానికీ ఆవిడే. రిమోట్ ఆయన చేతికందే దూరంలోనే ఉంటుంది. అయినా పిలుపే దగ్గరని ఆయన నమ్మకం.

ఆవిడకి ఒకటే కోరిక. చెల్లెలు లక్ష్మీప్రసన్న నందిగామలో పచ్చళ్ల కొట్టు తెరుస్తోంది, రోజూ పొద్దున్నే వెళ్లి దానికి సాయపడి సాయంత్రానికి రావాలని. "నన్నెవరు చూస్తారు?" అని ఆయన ఒక్కమాటతో కొట్టిపారేశారు. ఆవిడ మళ్లీ ఎత్తలేదు. ఎత్తలేదు గనక కోరిక చచ్చిందనుకున్నారాయన. బస్తా పైనుంచి గుప్పెడు తీసి చూసి మొత్తం సరుకు తేల్చేసే అలవాటు మరి. అడుగున ఏముందో కుమ్మరించి చూసే ఓపిక ఆ మనిషికి ఏనాడూ లేదు.

దసరాకి ఆయన తమ్ముడి కూతురు మనోజ్ఞ వచ్చింది. పల్సార్లనే నక్షత్రాల మీద పరిశోధన చేస్తోంది. పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే ముద్దట, గిరగిరా తిరుగుతూ లైట్‌హౌస్‌లా రేడియో కిరణాలు తిప్పుతుందట. మనవైపు తిప్పినవే మనకి తెలుస్తాయి, తెలియనివి ఎన్నున్నాయో లెక్కగట్టడమే తన పని అంది. వయసు పెరిగేకొద్దీ తిరుగుడు మందగించి చివరికి మూగబోతాయనేసరికి ఆయన ముఖం వాడిపోయింది. తన గురించే చెబుతోందనుకున్నారు పాపం.

"కొన్ని మాత్రం మళ్లీ స్పీడందుకుంటాయి పెదనాన్నా. పక్కన తోడు నక్షత్రం ఉంటే దాన్నుంచి పదార్థం లాక్కుని సెకనుకి వందలసార్లు తిరుగుతాయి."

ఆయన నిటారుగా కూర్చున్నారు. ఓడిపోయే కేసుకి మంచి ప్లీడరు దొరికినంత సంబరపడ్డారు. "విన్నావా ప్రసూనా? సైన్సే చెబుతోంది. తోడు పక్కనే ఉండాలి."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. "మరి ఆ తోడు నక్షత్రం ఏమవుతుందమ్మా?" అని మనోజ్ఞని అడిగింది.

మనోజ్ఞ పెదనాన్న వంక చూసి నీళ్లు నమిలింది. "చిక్కిపోతుంది పెద్దమ్మా. కొన్నయితే పల్సార్ ధాటికి పూర్తిగా హరించుకుపోతాయి కూడా."

ఆయన భార్య వంక చూశారు. జాకెట్టు చేతులు వదులైపోయాయి, గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. ఆవిణ్ని అంత తేరిపార చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. కాఫీ అడగబోయి మాట మింగేశారు.

ఆవిడ మాత్రం నవ్వింది. "రేపట్నుంచి నేను నందిగామ బస్సెక్కుతున్నానండీ. మీరు నిదానంగానే తిరగండి."