చప్పట్ల మధ్య దేవదానం గొంతు

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నవ్వేసే మనిషిని నేను. చిత్తూరులో నాకు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే షాపు ఉండేది. ఏ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో వైరు పట్టుకుని చూపించగలనని ధీమా.

ఎనభైల మొదట్లో దేవదానం అనే ఆయన గిటారు మీద మన పల్లెపాటలు పాడేవాడు. కొన్ని వాళ్ళమ్మ నేర్పినవి, కొన్ని సొంతంగా కట్టినవి. పుత్తూరులో ఆయన కచేరీని జనం మధ్యే కూర్చుని స్పూలు టేపు మీద రికార్డు చేశాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విన్నాను. పాటకీ పాటకీ మధ్య చప్పట్లు, ఈలలు తప్ప ఇంకేమీ లేవు.

ఆ కచేరీ పెట్టించింది, నాచేత రికార్డు చేయించి స్పూలు తీసుకెళ్ళింది మునిరత్నం. ఆయనా పాటగాడే, గొంతు కూడా కాస్త దేవదానం గొంతులాగే ఉండేది. కొన్ని నెలలకు దేవదానం విషజ్వరంతో పోయాడు. మునిరత్నం ఆ స్పూలుతో క్యాసెట్లు వేయించి, అట్ట మీద తన ఫోటో, తన పేరు అచ్చేయించుకున్నాడు.

దేవదానం భార్య సుగుణమ్మ ఇదేమని అడగడానికి వెళితే గేటు దగ్గరే తరిమేశాడు. ఆమె నా షాపుకొచ్చి కూర్చుంది. కంట్లో తడి లేదు.

"సచ్చినోడి గొంతు గూడా ఎత్తుకపోయినాడప్పా. ఆయన వదల్డు, సూడు," అంది.

తర్వాత ఒక మధ్యాహ్నం మునిరత్నం ఆ క్యాసెట్ ఒకటి పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏం కలిపినావబ్బా దీంట్లో?"

క్యాసెట్ వేశాను. మొదటి పాట అయ్యాక, చప్పట్ల మధ్య దేవదానం నిదానంగా అన్నాడు: "మునిరత్నం, నా పాట నాకియ్యి."

అసలు స్పూలు తెప్పించి చూస్తే అందులోనూ ఉంది. ఆ ముక్క కత్తిరించి, టేపు అతికించి మళ్ళీ వేశాను. ఈసారి రెండో పాట తర్వాత, మైకు పక్కనే ఉన్నంత దగ్గరగా వినిపించింది: "ఇయ్యవా? అయితే నీ గొంతియ్యి."

"సచ్చినోడు నన్నేం సేస్తాడు!" అంటూ మునిరత్నం స్పూలు లాక్కుని వెళ్ళిపోయాడు.

ఆ వారమే తిరుచానూరులో పట్టపగలు ఆయన కచేరీ. మైకు పెట్టింది నేనే. దేవదానం కట్టిన పాట ఎత్తుకున్నాడు. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. మైకు తట్టి చూశాను, బాగానే ఉంది. ఆయన రెండు చేతులతో మెడ పట్టుకుని స్టేజీ మీదే కూలబడ్డాడు.

వేలూరు డాక్టర్లు గొంతులో ఏ లోపమూ లేదన్నారు.

మునిరత్నం నన్ను వెంటబెట్టుకుని సుగుణమ్మ ఇంటికి వెళ్ళాడు. స్పూలు ఆమె ముందు పెట్టి చేతులు జోడించాడు.

"నన్నెందుకు అడుగుతావు? ఆయన్నే అడుక్కోపో," అని ఆమె తలుపు వేసుకుంది.

దేవదానం పేరుతో క్యాసెట్లు మళ్ళీ వేయించి, స్పూలు నా షాపులో ఇచ్చేశాడు. అయినా పోయే దాకా సైగలతోనే బతికాడు.

తర్వాత సుగుణమ్మ అడిగితే ఆ స్పూలు వేసి వినిపించాను. గిటారు, పాట, చప్పట్లు, అంతే. కత్తిరించి దాచిన ముక్క అతికించి చూశాను. అందులోనూ చప్పట్లే. అదెలా జరిగిందో ఇవాళ్టికీ చెప్పలేను.

సుగుణమ్మ మాత్రం కళ్ళు మూసుకుని నవ్వింది.

"నాకు ఇనబడతానే ఉండాదప్పా," అంది.

ఏమని వినబడుతోందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.