గేజీ మీది బొట్టు

నా కుడిచేతి చూపుడువేలి గోరును నేను ఎప్పుడూ మొదలంటా కత్తిరించను. అది నా పనిముట్టు. అనకాపల్లి శివార్లలో ఉన్న మా ప్రెస్ షాపులో ఇనుప రేకును అచ్చులో నొక్కి, పొలం మోటార్ల వెనక తిరిగే ఫ్యాన్లకు మూతలు చేస్తారు. వాటిలో ఏది మంచిదో, ఏది తుక్కులోకి పోవాలో తేల్చేది నేను. మూత మూల మీద గోరు ఆనించి ఒక్కసారి లాగుతాను. కంటికి ఆనని వెంట్రుకంత పగులున్నా గోరు అక్కడ టక్కున ఆగుతుంది. పదహారేళ్ళుగా ఇదే పని. నాకు కాస్త పొగరెక్కువని షాపులో అంటారు. కాస్త కాదు, బాగానే ఎక్కువ.

అది మా నాన్న నుంచి వచ్చింది. ఆయన బెల్లం వండేవాడు. పాకం చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య ఉండ చేసి చూసి, ఇక దించండి అనేవాడు. ఇంకో రెండు నిమిషాలు ఉంచుదామా అని ఎవరైనా అడిగితే వాళ్ళ వైపు చూసేవాడు కూడా కాదు. అడిగినవాళ్ళే తప్పుకునేవారు. చేతికి తెలిసినదాని గురించి వాదన పెట్టుకోనక్కర్లేదని నేను అక్కడే నేర్చుకున్నాను.

మా పెద్ద ప్రెస్సు నడిపేది కశింకోట నుంచి షేర్ ఆటోలో వచ్చే ఒకాయన. యాభై దాటాయి. నాకు చుట్టమేమీ కాదు, అయినా పనిలో చేరిన రోజు నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన నన్ను తల్లీ అంటాడు. ఆయన చేసే పని చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. ఇనుప చట్రం ఒకటి పైనుంచి రేకు అంచుల్ని అదిమి పట్టుకుంటుంది. నడుమ నుంచి దిమ్మ దిగి రేకును గుంటలోకి తోస్తుంది. తోస్తున్నంతసేపూ అంచు కొద్దికొద్దిగా జారుతూ లోపలికి రావాలి. చట్రం పట్టు వదులైతే అంచంతా చీర కుచ్చిళ్ళలా ముడతలు పడుతుంది. మరీ బిగిస్తే రేకు జారదు, మూలల్లో పగులుతుంది. ఈ రెండిటికీ మధ్య ఎక్కడ ఆపాలన్నదే అసలు విద్య. చట్రం ఎంత ఒత్తిడితో పట్టుకుందో స్తంభానికి బిగించిన గుండ్రటి గేజీలో ముల్లు చూపిస్తుంది. కింద ఒక చక్రం తిప్పితే ఆ ఒత్తిడి పెరుగుతుంది, తగ్గుతుంది.

బాబాయ్ చేతి కింద మూత పగలడం చాలా అరుదు. ఆయన ట్రే వచ్చిందంటే నేను గోరు లాగుతూ పక్కవాళ్ళతో కబుర్లు చెప్పేదాన్ని. అంత నమ్మకం.

పోయిన ఏడు దసరాకి నాలుగు రోజుల ముందు వాళ్ళ పెదనాన్న పోయాడు. మైల. ఆయుధ పూజనాడు షాపుకి వచ్చాడు గానీ లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు. ఏటేటా ప్రెస్సులన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టేది ఆయనే. ఈసారి ఆ పని నన్ను చెయ్యమన్నారు. ఏ పని చేసినా ఒకరు వంక పెట్టకుండా చేస్తాను కదా, పెద్ద ప్రెస్సు గేజీ అద్దం చూడగానే నాకు చిరాకేసింది. పోయినేటి బొట్టు ఏడాది నూనె జిడ్డుకి నల్లబడి, ఒక పక్కగా ముద్దకట్టి ఉంది. పూజ పూటా ఆ మురికేమిటని కిరసనాయిలు గుడ్డతో పూర్తిగా రుద్దేశాను. అద్దం తళతళలాడాక సరిగ్గా నడినెత్తిన, గడియారంలో పన్నెండు ఉండే చోట, ముత్తయిదువ నుదుట పెట్టినట్టు, నూనెలో తడిపిన కుంకుమతో గుండ్రంగా బొట్టు పెట్టాను. పక్కకు ఒరిగిన పాత బొట్టు కన్నా ఎంత కళగా ఉందోనని నాకు నేనే మురిసిపోయాను. ఆ తరవాత గుమ్మడికాయ కొట్టారు, అందరికీ పులిహోర పంచారు.

పెద్దకర్మ అయ్యాక బాబాయ్ పనిలోకి వచ్చాడు. అన్నాళ్ళూ పెద్ద ప్రెస్సు ఖాళీగానే ఉంది. ఆయన వచ్చిన మూడో రోజున, కబుర్లలో ఉన్న నా గోరు ఒక మూత మూల మీద ఆగింది. ఇంకోసారి లాగాను. ఆగింది. మూతను కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంటే వెంట్రుకంత గీత కనిపించింది. ఆ ట్రేలో అలాంటివి ఇంకా ఉన్నాయి. తరవాతి ట్రేలోనూ ఉన్నాయి.

నేను ముందు రేకును అనుమానించాను. పాత సరుకులో మిగిలిన రేకులు తెప్పించి నొక్కించాను, అవీ పగిలాయి. రేకుకి పూసే నూనె పలచబడిందేమోనని చిక్కటిది పూయించాను, అప్పుడూ పగిలాయి. అచ్చు మూలలు గీసుకుపోయాయేమోనని దాన్ని దింపించి నా చేత్తో తడిమి చూశాను. పాలరాయిలా ఉంది. వారం గడిచింది. తుక్కు డబ్బా నిండుతోంది, నాకు మాత్రం జవాబు దొరకలేదు. నిజం చెప్పాలంటే నాకు అవమానంగా ఉంది.

అంతకు ముందే మా మేనేజరు పెద్ద ప్రెస్సుకి ఒక సెన్సర్ తెప్పించాడు. ఆ వారమే బిగించారు. ఒక్కో మూత నొక్కినప్పుడు ఒత్తిడి ఎంత లేచిందో తెర మీద గీత పడుతుంది. ఆ గీతకు గోరుంటుందా అని నేను వెక్కిరించాను. కానీ గీత చాలా స్పష్టంగా ఒకే మాట చెప్పింది. ఎంత పెట్టాలని గోడ మీది కాగితంలో రాసి ఉందో అంతకంటే ఒత్తిడి ఎక్కువ పెడుతున్నారు. ప్రతి మూతకీ అంతే ఎక్కువ.

మేనేజరు మంచివాడే. అరవలేదు. బాబాయ్‌ని పిలిచి, కాగితంలో ఒకటుంటే మీరు ఇంకొకటి ఎందుకు పెడుతున్నారని అడిగాడు. తాను ఎప్పుడూ పెట్టే చోటే పెడుతున్నానని బాబాయ్ చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఆయన వెళ్ళాక మేనేజరు నాతో, శనివారం దాకా చూస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే ఆయన్ని ప్రెస్సు మీంచి తీసి ప్యాకింగులో వెయ్యక తప్పదనీ అన్నాడు. ఆ రోజు గురువారం. ప్యాకింగు అంటే అట్టపెట్టెలకి టేపు అంటించడం. ఇరవై రెండేళ్ళు ఆ ప్రెస్సు నడిపిన మనిషి దాని ఎదురుగా కూర్చుని పెట్టెలకి టేపు అంటించాలి.

తెర అబద్ధం చెప్పదు. బాబాయ్ కూడా చెప్పడు. వెక్కిరించినా తెరను నేను నమ్మాను, ఎందుకంటే అది నా గోరు చెప్పిందే చెబుతోంది. బాబాయ్‌ని నమ్మడానికి పదహారేళ్ళ ట్రేలున్నాయి. ఇద్దరూ నిజమే చెబుతుంటే ఆ ఇద్దరి మధ్యలో ఏదో ఉండాలి. అదేదో తేల్చకుండా ఊరుకునే రకాన్ని కాను.

శుక్రవారం టీ వేళకి షాపు ఖాళీ అయ్యాక బాబాయ్‌ని ఆపాను. ఒత్తిడి మొత్తం దించేసి, నా ఎదుట మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాను. ఆయన చక్రం వెనక్కి తిప్పాడు. ముల్లు సున్నాకి పడింది. తరవాత మెల్లగా ముందుకి తిప్పుతూ ఒక్కసారి తలెత్తి గేజీ వైపు చూశాడు. ముల్లు పైకి లేచి నేను పెట్టిన ఎర్ర బొట్టు కిందకి వెళ్ళింది. ఆయన చెయ్యి అక్కడ ఆగిపోయింది.

"ఎంతకెట్టేవు బాబాయ్?" అన్నాను.

"ఎప్పుడెట్టినంతే తల్లీ."

"ఎంతో అంకె సెప్పు."

ఆయన చక్రం మీంచి చెయ్యి తీసి గుడ్డతో తుడుచుకున్నాడు.

"అంకెలు నాకు అగుపడవు," అన్నాడు చివరికి. "మూడేళ్ళయింది. బొట్టు అగుపడతాది. ముల్లు దాని కిందకొచ్చిందంటే సరిపోయినట్టే. ఏటేటా నాను సూసుకుని ఎట్టుకునే బొట్టే గదా. ఈ ఏడు నాను లేకపోయినా దాని మీదే ఎట్టుంటారు గదా."

నేను తలెత్తి గేజీ వైపు చూశాను. పక్కకు ఒరిగిందని, మురికిదని నేను రుద్దేసిన ఆ పాత బొట్టు ఒరిగింది కాదు. ముల్లు ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడే పెట్టింది. ఏటా ఆయుధ పూజ ముందు రోజు, మంచి మూతలు పడుతుండగా, ముల్లు నిలిచిన చోటు చూసుకుని మర్నాడు అక్కడ కుంకుమ పెట్టేవాడు. మేమందరం అది భక్తి అనుకున్నాం. నేను దాన్ని అందం కోసం నడినెత్తికి జరిపాను. వారం పాటు రేకును, నూనెను, అచ్చును నిలదీశాను గానీ నా చేతిని ఒక్కసారీ అడగలేదు.

"ఈ ఏడు బొట్టు నువ్వెట్టింది కాదు బాబాయ్," అన్నాను. "నువ్వు మైలలో ఉన్నావు గదా. పాతది తుడిసేసి నేనే ఎట్టేను. అందంగుంటాదని మద్దెలో ఎట్టేను."

తిడతాడనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. ఆయన పనిముట్ల పెట్టె మీద కూర్చుని రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకున్నాడు.

"అయితే నా సెయ్యి బాగానే ఉందన్నమాట," అన్నాడు.

ఆ వారమంతా ఆయన ఏమనుకుంటూ ఇంటికి వెళ్ళాడో అప్పుడు అర్థమైంది. ప్రెస్సు మోత తేడాగా ఉందని మొదటి రోజే విన్నాడట. పెదనాన్న పోయిన బాధలో తనకే అలా వినబడుతోందనుకున్నాడట. చెయ్యి పోయింది, ఇక ఇంతే అనుకున్నాడట. నాకు ఏడుపొచ్చింది. షాపులో ఏడవడం నాకు ఇష్టం లేదు కాబట్టి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

వచ్చి, కాగితంలో ఉన్న అంకె దగ్గరికి ముల్లు దించమని నేను గేజీ చూస్తూ చెప్పాను. ఆయన చక్రం తిప్పాడు. నడినెత్తి నుంచి ఎడమకి బొటనవేలంత దూరం, అంతే. పది మూతలు నొక్కాం. నా గోరు ప్రతి మూత చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చింది, ఎక్కడా ఆగలేదు.

మేనేజరుకి బొట్టు సంగతి నేను చెబుతాననీ, కళ్ళ సంగతి మాత్రం బాబాయే చెప్పుకోవాలనీ అన్నాను. కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి ప్రెస్సు మీద ఉండనివ్వరని షాపులో అందరి నమ్మకం. అంతకు ముందు ఒకాయన కళ్ళజోడుతో వచ్చిన నెలకే ప్యాకింగులో తేలాడు. అందుకే బాబాయ్ మూడేళ్ళు దాచాడు. ఇప్పుడూ దాచమనే అడిగాడు. కనబడకుండా ఆ ప్రెస్సు కింద చెయ్యి పెడితే మూత కాదు, వేళ్ళు పోతాయని గట్టిగానే చెప్పాను. ఆయన మంచినీళ్ళు తాగి నాతో నడిచాడు.

మేనేజరు టేబుల్ మీద పాడైన సరుకు రిపోర్టు ఉంది. దోషం, కారణం అని రెండు గళ్ళు. కారణం గడిలో ఆపరేటరు అని పెన్సిల్‌తో రాసి ఉంది. నేను దాన్ని చెరిపి, పెన్నుతో గేజీ మీద గుర్తు మారింది, మార్చింది నేను అని రాసి సంతకం పెట్టాను. తరవాత జరిగిందంతా చెప్పి, పది మూతలూ ఆయన ముందు పెట్టాను. ఆయన తెర దగ్గరికి వెళ్ళి గీత ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని చూసుకున్నాడు. అప్పుడు బాబాయ్ తన కళ్ళ సంగతి తనే చెప్పాడు.

మేనేజరు తెల్లబోయాడు. కళ్ళజోడుందని ఎవర్నీ తీసెయ్యలేదనీ, ఆ పాత ఆపరేటరు మోకాళ్ళ నొప్పితో తనే ప్యాకింగు అడిగి తీసుకున్నాడనీ చెప్పాడు. మూడేళ్ళు మేమంతా భయపడింది ఒక మనిషి మోకాళ్ళకన్నమాట. సోమవారం నాటికి జోడు పెట్టుకుని వస్తే ప్రెస్సు ఆయనదేనన్నాడు. అంకెలు మసకబారిన ఆ పాత గేజీని మార్పించమని నేను అక్కడే పట్టుబట్టాను. మొదటి రెండు రోజులూ కబుర్లలో పడి పగిలినవి ఏవైనా వదిలేశానేమోనని, అప్పటికే ప్యాక్ చేసిన పెట్టెల్ని శనివారం పొద్దున్నుంచి ఒక్కదాన్నే విప్పి, మూతలన్నిటి మీదా గోరు లాగాను. సాయంత్రానికి గోరు విరిగింది. ఆ శిక్ష నాకు సరిగ్గానే సరిపోయింది.

సోమవారం బాబాయ్ నల్ల ఫ్రేము కళ్ళజోడుతో ఆటో దిగాడు. బాగుందని నేను అంటే, షాపు ఇంత మురికిగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదన్నాడు.

ఈ ఏడు దసరాకి ఆయనకి మైల లేదు. పొద్దున్నే వచ్చి పసుపు కలిపాడు. చిన్న ప్రెస్సులన్నిటికీ తనే బొట్లు పెట్టి, పెద్ద ప్రెస్సు దగ్గరికి రాగానే కుంకుమ గిన్నె నా చేతికిచ్చాడు. నేను వెనక్కి తగ్గాను. పాతికమంది చూస్తున్నారు.

"ఎట్టు తల్లీ," అన్నాడు, కళ్ళజోడు ముక్కు మీదికి సర్దుకుంటూ. "ఇప్పుడు నాకు అంకెలు అగుపడతన్నాయి. నీకెక్కడ అందంగుంటే అక్కడెట్టు."

కొత్త గేజీ అద్దం నడినెత్తిన గుండ్రంగా పెట్టాను.