భూపాలపల్లికి పటం మోసుకుపోయిన రోజు

రైల్లో కిటికీ సీటు పట్టుకుని, షట్టర్ దించేసి, నోరు తెరిచి నిద్రపోయేవాళ్ల మీద ఇంతవరకూ ఎవరూ ఉద్యమం ఎందుకు చేయలేదో నాకు అర్థం కాదు. ఆ సీటు కోసం నేనూ పరుగెత్తాను. ఓడిపోయినందుకు బాధ లేదు. గెలిచినవాడు దాన్ని అలా వాడుకోవడమే బాధ.

ఆ పొద్దున జనగామలో విజయవాడ వైపు పోయే ప్యాసింజర్ ఎక్కితే, మాకు తగిలిన పెద్దమనిషి కాజీపేట దాకా అలాగే పడుకున్నాడు. మాకు అంటే మా డిజైన్ స్టూడియో మొత్తానికి: నేను, యాదగిరి, కమల. స్టూడియో అన్నది బోర్డు మీది మాట. ఎరువుల కొట్టు పైన ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. మూడూ ఒకేసారి పనిచేసిన రోజు మాకు పండగ.

పత్రిక నడిపే మిత్రుడొకడు, మీ స్టూడియోలో ఏం చదువుతారు, ఏం చూస్తారు, ఏం చేస్తారు, రాసివ్వమన్నాడు. పెద్ద నగరాల స్టూడియోల వాళ్లు ఇలాంటివి రాసుకుంటారట. మా సంగతి తొందరగానే తెమిలిపోతుంది. యాదగిరి రోజూ మూడు పేపర్లు తెప్పిస్తాడు, ఒక్క వార్తా చదవడు. హెడ్డింగు అక్షరం ఎంత లావుంది, ఫోటో చుట్టూ గీత ఎంత సన్నగా ఉంది, అంతే. కమల యూట్యూబులో బొమ్మల పాఠాలు చూస్తుంది. మా ఇంటర్నెట్ దయవల్ల ఒక చిన్న పాఠం పూర్తయ్యేలోపు వంట చేసుకుని రావచ్చు. నేను టీవీలో ఉద్యమ వార్తలు చూస్తూ, దాన్ని మార్కెట్ పరిశీలన అని చెప్పుకుంటాను. ఇక చేసేది: రాష్ట్రం కోసం జనమంతా రోడ్ల మీదున్న ఆ కాలంలో సభలకు ఫ్లెక్సీలు, బండ్ల నంబరు ప్లేట్లకు టీజీ అక్షరాలు. ఢిల్లీ ఇంకా ఇవ్వని రాష్ట్రాన్ని మేం అప్పటికే అతికించేస్తున్నాం.

ఆ రోజు ప్రయాణం అన్నిటికంటే పెద్ద పని మీద. భూపాలపల్లిలో బొగ్గు కార్మికుల సభ, సాయంత్రానికల్లా వేదిక వెనక ఇరవై అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఫ్లెక్సీ కట్టాలి. దాని మీద తెలంగాణ పటం. కమల దాన్ని చేత్తో గీసి, స్కాన్ చేసి, రంగులద్దింది. ఊరూరికీ ఒక చిన్న గుర్తు పెట్టింది. గార్ల దగ్గర వాళ్ల తండా ఉన్నచోట మిరపకాయ. భూపాలపల్లి దగ్గర పసుపుపచ్చని దీపం, గనిలోకి దిగేటప్పుడు టోపీకి పెట్టుకునేది. వాళ్ల నాన్న లచ్చునాయక్ అక్కడ గనుల్లో కాంట్రాక్టు కూలీ. కూతురు జనగామలో టీవీ ముందర కూర్చునే నౌకరీ చేస్తోందని ఆయన లెక్క. ఆమె పని ఆయన ఒక్కసారీ చూడలేదు. అందుకే ముందురోజే ఫోన్ చేసి చెప్పింది: సభకు రా, పటంలో దీపం ఎక్కడుందో చూడు, అది నువ్వుండే ఊరు, అది నేను గీసింది.

"అన్నా, దీపం కింది నుంచి కానొస్తదా?" అని రైల్లో నన్ను అడిగింది. స్టేషను దాటినప్పుడల్లా మళ్లీ అడిగింది.

ఎదురు సీట్లో ఒక అవ్వ ఇదంతా వింటోంది. "ఏం పని బిడ్డా నీది?"

"బొమ్మలేస్త అవ్వా."

"పెండ్లి బొమ్మలా?"

"కాదు, తెలంగాణ పటం." కమల సంచిలోంచి నమూనా కాగితం తీసి చూపించింది.

అవ్వ కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. "గింతేనా? గింత దాన్ని ఇయ్యనీకి గంత లొల్లా?" అంది. పెట్టె అంతా నవ్వింది. షట్టర్ పెద్దమనిషి కూడా లేచాడు.

మహబూబాబాద్‌లో దిగాం. వరంగల్‌లో ప్రింటింగ్ మిషన్లన్నీ సభల పనుల్లో మునిగిపోయి, ఖాళీ ఇక్కడే దొరికింది. మీరు ఎప్పుడైనా ఆ దారిన పోతే స్టేషను బయట ఇడ్లీ తినండి, చట్నీ గురించి మాత్రం ఎక్కువ ఆలోచించకండి. మిషన్ మొదలయ్యేలోపు అన్నం పొట్లాలు తెస్తానని కమల బజారుకు పోయింది.

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. అంతా అయిపోయి, ప్రింటుకు పెట్టే ముందు, ఎవరిదో ఒక ఫోటో మిగిలిపోయి ఉంటుంది. ఆచారం తప్పకుండా ఫోన్ మోగింది. సభ పెట్టే సంఘం అధ్యక్షుడు. "తమ్మీ, అందరి ఫోటోలున్నయట. నాది లేదట."

ఫోటో మెయిల్లో వచ్చింది. అక్కడి కంప్యూటర్ మా దానికంటే ముసలిది. బరువు మోయలేక ఆగిపోతుంటే, యాదగిరి చిన్న గుర్తులున్న పొరను కనబడకుండా పెట్టి, ఉత్త పటం మీద చోటు వెతికాడు. కుడివైపు, పైన, అంతా పచ్చగా ఉంది. అధ్యక్షుణ్ణి గుండ్రంగా కత్తిరించి అక్కడ, అన్ని పొరలకూ పైన పెట్టి, గుర్తుల పొరను మళ్లీ తెరిచి, ప్రింటుకు ఇచ్చేశాడు. కమల తిరిగొచ్చేసరికి ఫ్లెక్సీని బొమ్మ లోపలికి పెట్టి చుట్టేశాం. విప్పి చూద్దామంటే బస్సు టైమైంది.

పదడుగుల చుట్టను నర్సంపేట బస్సులోకి ఎక్కిస్తుంటే కండక్టర్ అడ్డం వచ్చాడు.

"ఏందన్నా గిది? పీనుగా?"

"తెలంగాణ" అన్నాడు యాదగిరి.

"అట్లనా! ఎక్కియ్యిండ్రి, ఎక్కియ్యిండ్రి. టికెట్ మాత్రం కొట్టాలె. ఫుల్లా, ఆఫా?"

"ఇంకా రాలే కదనే, ఆఫ్ కొట్టు" అని వెనక సీట్లోంచి ఎవరో అరిచారు.

చుట్ట నడిమి దారిలో పడుకుంది. ఎక్కేవాళ్లు దాన్ని తొక్కకుండా చెప్పులు చేత పట్టుకుని దాటారు. ఆ మర్యాద నాకు సొంత ఊళ్లో కూడా దొరకలేదు. నర్సంపేటలో బస్సు మారినప్పుడు ఎవరో నలుగురు మా చేతుల్లోంచి లాక్కుని తామే మోశారు. ములుగులో ఇంకో నలుగురు. అడవి దాటుతున్నంతసేపూ బస్సులో ఒకళ్లు అందుకుంటే అందరూ పాడుతున్నారు. నాకు పాట రాదు కాబట్టి చప్పట్లు కొట్టాను, అవీ తాళం తప్పాయి.

ఎండ వాలేవేళకు భూపాలపల్లిలో దిగాం. వేదిక ముందు డప్పులు అప్పటికే మొదలయ్యాయి. తాళ్లు కట్టి ఫ్లెక్సీని పైకి లాగారు. పటం విప్పుకుంటుంటే జనం ఈలలేశారు. నేనూ ఒకటి వేశాను, కాదని ఎందుకనాలి.

కమల మాత్రం ఈల వేయలేదు. దీపం ఉండాల్సిన చోట అధ్యక్షుడు నవ్వుతున్నాడు. ఊరంతా ఆయన ముఖం కిందికి పోయింది.

యాదగిరి కమల వైపు తిరిగాడు. "ఆడ ఖాళీగ ఉండె చెల్లే."

"ఖాళీ లేదన్నా" అంది కమల. "ఆడ మా బా ఉన్నడు." వాళ్ల భాషలో బా అంటే నాన్న.

లచ్చునాయక్ షిఫ్టు వాళ్లు పని ముగించి గనిలోంచి పైకి వచ్చే టైమైంది. ఫోటో తీసేద్దామంటే, దాని సొంతదారు కింద నిలబడి, మెడ వెనక్కి వంచి తనను తాను చూసుకుంటున్నాడు. "మంచిగ వచ్చింది తమ్మీ" అని నా భుజం తట్టాడు కూడా.

కమల మా సంచిలోంచి నంబరు ప్లేట్లకు వాడే పసుపు రేడియం షీటు తీసింది. కత్తెరతో అరచేతంత గుండ్రం కత్తిరించింది. ఎవరినీ అడగకుండా నిచ్చెనెక్కి, సరిగ్గా భూపాలపల్లి ఉన్నచోట, అంటే అధ్యక్షుడి నుదుటి మీద, దాన్ని అతికించి, అరచేత్తో గట్టిగా రుద్దింది.

"అదేందమ్మా?" అన్నాడు అధ్యక్షుడు కింది నుంచి.

"భూపాలపల్లి, సార్."

ఆయన ఇంకేదో అడగబోయాడు. ఇంతలో వేదిక దీపాలు వేశారు. ముఖమంతా మామూలుగానే ఉంది, నుదుటి మీది గుండ్రం ఒక్కటే భగ్గున మెరిసింది. అది తమ టోపీ దీపమేనని ముందు వరసలోని కార్మికులు వెంటనే కనిపెట్టారు. టోపీలు ఎగరేశారు. డప్పులు రెట్టింపయ్యాయి. చప్పట్లు తనకేననుకుని అధ్యక్షుడు చేతులు జోడించాడు. కాదని చెప్పడానికి మేమెవరం?

లచ్చునాయక్ షిఫ్టు బట్టల్లోనే వచ్చాడు. కమల వేలు పెట్టి చూపించలేదు. పక్కన నిలబడి ఆయన కళ్లనే చూసింది. ఆయన పటాన్ని ఎడమ నుంచి మొదలుపెట్టి, గార్ల దగ్గర మిరపకాయను చూసి తలూపి, మెల్లగా పైకి పోయి, మెరుపు దగ్గర ఆగాడు. వాళ్ల భాషలో ఏదో అన్నాడు. కమల నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకు అర్థం కాలేదు, అడగనూ లేదు.

ఉపన్యాసాలు ఇంకా సాగుతుండగానే వరంగల్ బస్సు పట్టుకున్నాం. అక్కడి నుంచి జనగామకు ఏదో ఒకటి దొరుకుతుంది. చేతుల్లో చుట్ట లేక వెలితిగా అనిపించింది. దారి పొడవునా ఎవరూ మమ్మల్ని రాష్ట్రం వస్తుందా అని అడగలేదు, ఎప్పుడొస్తుందనే అడిగారు. మాలాంటి మూడు కుర్చీల స్టూడియోకు అలాంటి రోజు మళ్లీ దొరకడం కష్టం. యాదగిరి కూడా అదే అన్నాడు, కాకపోతే అక్షరాలు ఇంకొంచెం లావుండాల్సిందట.

మేం బస్సెక్కేటప్పుడు లచ్చునాయక్ అక్కడి దాకా వచ్చాడు. కూతురి చేతిలో పల్లీల పొట్లం పెట్టాడు. బస్సు కదులుతుంటే నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పటం బాగున్నది సారూ. మా పిల్ల మంచిగ చేసింది. గా నెత్తికి లైటు పెట్టుకున్నాయన, ఏ షిఫ్టుల గనిలకు దిగుతడు?"