పంజాగుట్ట పూల్‌లో స్ప్లిట్ ఫిన్స్‌తో ఒక ఉదయం

సినిమాల్లో హీరోయిన్లకు బదులుగా నేను నీళ్లలో మునిగిన రోజుల్లో నాకు ఊపిరి అందించింది యాదన్న. కెమెరాకు కనపడకుండా ఓ పక్కన ఉండి, షాట్ అవగానే వచ్చి గాలి గొట్టం నోటికిచ్చేవాడు. మళ్లీ నన్నే చూస్తూ వెనక్కి ఈదుకుంటూ తప్పుకునేవాడు. ఇప్పుడు నేను ఆ పని మానేసి అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటున్నాను. అన్న కృష్ణానగర్‌లోనే ఉండి ఇంకా అదే చేస్తున్నాడు. ఈమధ్య మోకాలు మొరాయించింది. దాని మీద భారం తగ్గకపోతే డైవింగ్ మానెయ్యాల్సిందేనన్నాడట సోమాజిగూడ డాక్టరు. వచ్చే వారమేమో షూటింగ్. ఈతకు పాదాలకు తొడుక్కునే ఫిన్స్‌లో స్ప్లిట్ ఫిన్స్ రకం మోకాలికి సుఖమని ఎక్కడో చదివి, నేనే అన్నను బయల్దేరదీశాను.

ఆదివారం పొద్దున ఏడింటికి అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే పంజాగుట్ట తర్వాతి స్టేషనే. అన్న ఆటోలో వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. చెరో చాయ్ తాగాం. వణుకుతూ షాట్ కోసం ఎదురుచూసిన ఉదయాలన్నీ గుర్తొచ్చాయి. అప్పుడెంత తిట్టుకున్నానో, ఇప్పుడవే కావాలనిపిస్తున్నాయి. అక్కడి పూల్‌లో డైవింగ్ నేర్పేవాళ్లు పూటకు ఐదువందల అద్దెకు స్ప్లిట్ ఫిన్స్ ఇచ్చి, పూల్ వాడుకోనిచ్చారు.

ఈ ఫిన్స్ కొసలు రెండుగా చీలి ఉంటాయి. నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి కాబట్టి కాళ్లు కాస్త ఆడించినా చాలు, ముందుకు సాగిపోవచ్చు. అన్న రెండు చుట్లు తిరిగొచ్చి, "మస్తున్నయ్ చెల్లె, మోకాలున్నదన్న సంగతే యాదికొస్తలేదు" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

తర్వాత షూటింగ్‌లోలాగే చేసి చూద్దామని నేను అడుగున కూర్చుని ఊపిరి బిగబట్టాను. అన్న వచ్చి గాలి ఇచ్చి, అలవాటుగా వెనక్కి పోబోయాడు. చీలిన కొసలకు నీళ్లు చిక్కలేదు. ఎంత గింజుకున్నా ఉన్నచోటే ఉన్నాడు. చివరికి అటు తిరిగి ఈదాడు. నీళ్లలో అన్న వీపు నేను చూడటం అదే మొదటిసారి. ఇంకోసారి ప్రయత్నించినా అంతే. తన పాత ఫిన్స్ తొడిగితే మోకాలు ఒప్పుకోలేదు.

గట్టు మీద కూర్చున్నాక, కాసేపు అటు తిరిగితే ఏమవుతుందని నచ్చజెప్పబోయాను.

"గా కాసేపట్లనే నీళ్లల్లున్న మనిషి భయంతోని బుగులు పడ్తడు చెల్లె. నేను చూస్తలేనని తెలిస్తే ఇంకా పడ్తడు. గా షూటింగ్‌కు నేను పోను."

అక్కడే ఫోన్ చేసి, షూటింగ్‌కు వేరేవాళ్లను చూసుకోమన్నాడు. తర్వాత అద్దె ఫిన్స్ ఒళ్లో పెట్టుకుని, ఇట్లాంటివే కొనుక్కుని సముద్రానికి పోదామన్నాడు. "ఇన్నేండ్లు నీళ్లల్ల మనుషుల మొఖాలే చూసిన. జర చేపలను సుత చూడాలె." నవ్వబోయాను గానీ ఏడుపొచ్చింది.

నీళ్లంటే భయం లేకపోవడం నా ధైర్యమే అనుకునేదాన్ని. నిజానికి ఎదురుగా అన్న ముఖం ఉండేది, అంతే. మోకాలి నొప్పులున్నవాళ్లు సరదా డైవింగ్‌కు స్ప్లిట్ ఫిన్స్ నిశ్చింతగా తీసుకోండి. వెనక్కి ఈదాల్సొచ్చే ఇరుకు చోట్లకు మాత్రం వద్దు. కొనేముందు పూల్‌లో ఒకసారి వెనక్కి ఈది చూడండి, మీకు కావలసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని.